స్నేహితురాలి బిడ్డను నేను మోయవచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నాను. విజయనగరంలో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలికి తొలి కాన్పులో రక్తస్రావం ఆగక గర్భసంచి తీసేశారు. బిడ్డా దక్కలేదు. వాళ్ల బిడ్డను మోసి ఇస్తానన్నాను. మా ఆయనా సరేనన్నారు. బంధువులు కానివాళ్లు అలా చేయకూడదని ఊళ్లో అంటున్నారు. నిజమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నిజం కాదమ్మా. దగ్గరి బంధువే కావాలన్న షరతు 2019 బిల్లులో ఉండేది, 2021 సరోగసీ (ఇతరుల బిడ్డను మోసి ఇవ్వడం) చట్టంలో లేదు. పెళ్లయి, సొంత బిడ్డ ఉండి, 25–35 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీ ఇష్టపడితే ముందుకు రావచ్చు, అదీ జీవితంలో ఒక్కసారే. అయితే వయసు చూసేది దరఖాస్తు పెట్టిన రోజున కాదు, పిండాన్ని గర్భంలో పెట్టే రోజున. కాగితాలకే నెలలు పడుతుంది కాబట్టి మీకు తాత్సారం చేసే వీల్లేదు. మీ అండం వాడకూడదు. గర్భసంచి తీసినా అండాశయాలు ఉంటే అండం మీ స్నేహితురాలిదే.

మీ ఆపరేషన్ అడ్డు కాదు. అందులో మూసేది ట్యూబులను. పిండాన్ని సన్నని గొట్టంతో నేరుగా గర్భసంచిలోకే వదులుతారు.

మీది ఉద్దానం వైపు కనుక స్కానింగ్ కన్నా ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించుకోండి. అక్కడి కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ బాధా లేకుండానే ముదురుతుంది. గర్భం ఆ కిడ్నీల మీద మరింత భారం వేస్తుంది. పైగా తనది కాని అండంతో వచ్చిన గర్భంలో బీపీ పెరిగే ముప్పు మామూలుకన్నా ఎక్కువ. కిడ్నీ దెబ్బతిందని తేలితే అక్కడితో ఆపేయండి, మొహమాటపడకండి. తర్వాతే షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు. మీ బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే ముందే చెప్పండి. బిడ్డ రక్తానికి మీ ఒంట్లో వ్యతిరేకత పుట్టకుండా 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు ఇంకొకటి పడాలి.

ఇక కాగితాలు. గర్భసంచి తీసినప్పటి డిశ్చార్జి సమ్మరీతో మీ స్నేహితురాలు జిల్లా మెడికల్ బోర్డు నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. వాళ్లూ మీరూ కలిసి ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో బిడ్డ ఎవరిదన్న ఉత్తర్వు తీసుకోవాలి. పుట్టాక జనన ధ్రువీకరణకు అదే ఆధారం. అది లేకపోతే తల్లి పేరు రాసే దగ్గరే చిక్కు. మీ పేరున 36 నెలల ఆరోగ్య బీమా వాళ్లే కట్టాలి. గర్భంతో వచ్చే సమస్యలు, కాన్పు తర్వాతి సమస్యలు వర్తిస్తాయని పాలసీలో రాసి ఉందో లేదో మీరే చదవండి. శారీరకంగా, మానసికంగా సరిపోతారన్న ధ్రువపత్రాలు మీకు కావాలి. ఇవన్నీ చేతికి రాకుండా గానీ, సరోగసీకి రిజిస్ట్రేషన్ లేని ఆసుపత్రిలో గానీ ఒక్క మాత్ర కూడా మింగకండి.

నెలసరి రెండో మూడో రోజు నుంచి సుమారు రెండు వారాలు ఈస్ట్రోజన్ మాత్రలు ఇస్తారు. గర్భసంచి లోపలి పొర 7 మిల్లీమీటర్లు దాటాక ప్రొజెస్టిరాన్ (గర్భాన్ని నిలిపే హార్మోన్) మొదలుపెట్టి, సాధారణంగా ఐదు రోజులకు పిండం పెడతారు. ఒక్కటే పెట్టమనండి, కవలలైతే మీకే ముప్పు. రెండు వారాల్లోపు రక్తపరీక్షలో ఫలితం తెలుస్తుంది. నిలిచాక కూడా 10–12 వారాల దాకా ప్రొజెస్టిరాన్ మానకూడదు. ఈ పద్ధతిలో మీ అండాశయం ఆ హార్మోన్ తయారుచేయదు. విశాఖ రైలెక్కుతూ మందులు ఇంట్లో వదిలేస్తే గర్భం పోవచ్చు.

పిండం పెట్టే క్షణం వరకూ వద్దనే హక్కు మీకుంది.

ప్రశ్న: నా స్నేహితురాలు నెలనెలా డబ్బు, కాన్పయ్యాక బంగారం ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. వైద్య ఖర్చులు, బీమా, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు తప్ప ఏ ప్రతిఫలమైనా వాణిజ్య సరోగసీయే. దానికి పదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. కోరి చేయించుకున్న దంపతులకూ శిక్ష తప్పదు. ఆసుపత్రి, మందుల బిల్లులు వాళ్లే నేరుగా కట్టాలి. రసీదుల నకళ్లు మీరూ దాచుకోండి.