చెప్పులు గూటి బయటే

అమ్మాయికి ఆశీస్సులు.

అడవి బాతులు దిగే చెరువు పక్కనే ఉంది, బర్డ్ ఫ్లూ రాకుండా కోళ్లని గూట్లోనే ఉంచితే సరిపోతుందా అని అడిగావు. సరిపోదమ్మా. బర్డ్ ఫ్లూ వైరస్ నీటిపక్షుల రెట్టలో ఉంటుంది. ఆ రెట్ట అంటిన చెప్పో బకెట్టో లోపలికొస్తే పక్షి వచ్చినట్టే. చల్లటి నీళ్లలో, తడి రెట్టలో అది వారాల తరబడి బతుకుతుంది. ఎండకీ వేడికీ త్వరగా చస్తుంది. చలికాలంలో మరింత జాగ్రత్తగా ఉండమనేది అందుకే.

ముందు చెప్పుల సంగతి చూడు. గుమ్మానికి జానెడెత్తు అడ్డపలక కట్టు. బయటి చెప్పులు ఇవతలే విడిచి, పలక దాటుతూనే లోపలి బూట్లలో కాలు పెట్టాలి. లోపలి బూట్లు ఎప్పుడూ బయటికి రాకూడదు. గుమ్మంలో క్రిముల్ని చంపే మందునీళ్ల తొట్టి పెట్టాం కదా అని ధీమాగా ఉండకు. మట్టీ రెట్టా అంటిన అడుగుని ముంచితే ఆ మురికికే మందు సత్తువ అయిపోతుంది, వైరస్ మిగిలిపోతుంది. సబ్బునీళ్లతో తోమాకే మందు పూసి, 10 నిమిషాలు తడి ఆరనివ్వకు. బ్లీచ్ అయితే 1 పాలుకి 9 పాలు నీళ్లు, ఏ రోజుకారోజే కలుపుకో. వేరే ఏ మందుతోనూ కలపకు, విషవాయువు పుడుతుంది.

దొడ్డికి కట్టే వల కన్ను 25 మిల్లీమీటర్లు దాటకూడదు. కానీ వల పక్షిని ఆపుతుంది, రెట్టని ఆపదు. పైన రేకు వెయ్యి, చూరునీళ్లు దొడ్డిలో పడనివ్వకు. మేతా నీళ్లూ ఆ కప్పు కిందే పెట్టు. చెరువు నీళ్లు తాగడానికీ వద్దు, కడగడానికీ వద్దు. ఒలికిన గింజలు సాయంత్రానికల్లా ఊడ్చెయ్యి.

బాతుల్నీ కోళ్లనీ కలిపి పెంచకు. వైరస్ ఉన్నా బాతు మామూలుగానే తిరగొచ్చు, పక్కనున్న కోడి చస్తుంది. కొత్తగా తెచ్చినది చిలకైనా సరే, 30 రోజులు విడిగా ఉంచు. రోజూ పాతవాటి పనంతా అయ్యాకే దాని దగ్గరికి వెళ్లు.

ఉన్నట్టుండి చనిపోవడం, గుడ్లు పెట్టడం తగ్గిపోవడం, తల వాపు, తలమీది జుట్టూ గడ్డం కింది తమ్మెలూ నీలంగా మారడం, మెడ తిరిగిపోవడం చూస్తే ఆలస్యం చెయ్యకు. కోళ్లకొచ్చే కొక్కెర తెగులూ (రాణీఖేత్) ఇలాగే కనిపిస్తుంది, పరీక్ష చేస్తేగానీ తేలదు. చచ్చినదాన్ని కోయకు, పిల్లికి వెయ్యకు, మిగిలినవాటిని అమ్మకు. పశువైద్యుడికి ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వకు. తప్పక ముట్టుకోవాల్సొస్తే తొడుగులూ మాస్కూ కళ్లద్దాలూ పెట్టుకో. ఆ తరవాత 10 రోజుల్లోపు జ్వరమొచ్చినా, కళ్లు ఎర్రబడినా, పక్షుల్ని తాకిన సంగతి డాక్టరుకి ముందే చెప్పు.

మీ పెదనాన్న