సంతకాలు అయ్యాకే సూట్‌కేసు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటి సారాంశం ఒకటే: డిగ్రీ మధ్యలో ఒక సెమిస్టరు విదేశానికి వెళ్లి బిజినెస్ సబ్జెక్టులు చదివి రావడం. అందుకని ఈ వారం పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. నేనూ బీబీఏ మూడో ఏడాదిలో విశాఖ నుంచి ఫ్రాన్స్‌లోని లీల్‌కి ఇలాగే వెళ్లొచ్చినదాన్నే, ఇప్పుడు అలా వెళ్లే పిల్లలకి కాగితాల పనిలో సాయం చేస్తుంటాను. కాబట్టి కింద చెప్పేవి చాలావరకు నా చేతుల మీదుగా జరిగినవే.

ప్రశ్న: అక్కా, మాది గాజువాక. బీబీఏ రెండో ఏడాది చదువుతున్నాను. ఐదో సెమిస్టరుకి ఫ్రాన్స్ గానీ జర్మనీ గానీ ఎక్స్చేంజ్‌కి వెళ్లొచ్చని మా యూనివర్సిటీలో చెప్పారు. నాన్న పోర్టులో పనిచేస్తారు. "ఐదు నెలలకి ఇంత ఖర్చా, ఆ డబ్బు దాచుకుంటే రేపు ఎంబీఏకి పనికొస్తుంది కదా" అంటున్నారు. నాకు వెళ్లాలనే ఉంది. కానీ క్లాసులో నలుగురి ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటేనే టెన్షన్. వెళ్లనా, మానేయనా?

జవాబు: వెళ్లు తమ్ముడూ. అయితే నాన్నగారు అడిగింది తీసిపారేసే మాట కాదు, ముందు ఆయనకి లెక్క చెబుదాం. ఎక్స్చేంజ్‌లో నువ్వు ఫీజు నీ యూనివర్సిటీకే కడతావు, అక్కడి కాలేజీకి ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. అటు నుంచి ఇటు వచ్చే పిల్లలకీ ఇదే పద్ధతి. నీ మీద పడేవి విమానం టికెట్టు, వీసా, ఇన్సూరెన్సు, గది అద్దె, తిండి. జర్మనీ వీసాకి నెలకి 992 యూరోల చొప్పున, నెలకి ఇంతకి మించి తీయలేని బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించమంటారు (2024 సెప్టెంబరులో పెంచిన లెక్క ఇది, అప్లై చేసే రోజున మరోసారి చూసుకో). ఐదు నెలలకి 4,960 యూరోలు, యూరోకి వంద రూపాయలు వేసుకుంటే ఇంచుమించు ఐదు లక్షలు. ఆ డబ్బు ఎవరికో కట్టేసేది కాదు, నీదే, అక్కడ దిగాక నెలనెలా నీ ఖాతాలోకే వస్తుంది. పొదుపుగా ఉంటే కొంత మిగులుతుంది కూడా. ఇదంతా కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టు, నోటితో చెప్తే ఐదు లక్షలన్న మాటొక్కటే చెవిన పడుతుంది.

మీ యూనివర్సిటీకీ అక్కడి కాలేజీకీ మధ్య ఎరాస్మస్ ప్లస్ ఒప్పందం ఉందేమో మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. 1987లో యూరప్ దేశాలు తమ విద్యార్థుల కోసం మొదలుపెట్టుకున్న పథకం అది, ఇప్పుడు మనలాంటి బయటి దేశాల వాళ్లకీ కొన్ని సీట్లున్నాయి. వచ్చిందంటే నెలనెలా స్టైపెండు, దారి ఖర్చులకి కొంత యూరోపియన్ యూనియనే ఇస్తుంది. అందరికీ రాదు. కానీ అడగనివాళ్లకి అసలు రాదు.

ఇక ఫ్రాన్సా, జర్మనీయా అన్నది ఊళ్ల అందం చూసి కాదు, క్యాలెండరు చూసి తేల్చుకో. జర్మనీ యూనివర్సిటీల్లో వింటర్ సెమిస్టరు అక్టోబరులో మొదలై మార్చి దాకా లెక్క, క్లాసులూ పరీక్షలూ అయ్యేసరికి ఫిబ్రవరి దాటుతుంది. ఈలోగా ఇక్కడ ఆరో సెమిస్టరు సగం అయిపోయి ఉంటుంది, అటెండెన్సు 75 శాతం ఎక్కడి నుంచి తెస్తావు? ఫ్రాన్స్ బిజినెస్ స్కూళ్లలో చాలావరకు సెప్టెంబరులో మొదలుపెట్టి క్రిస్మస్ లోపు ముగించేస్తారు, సంక్రాంతికి ఇంట్లో ఉంటావు. ఒకవేళ జర్మనీయే ఖాయం చేసుకుంటే అటెండెన్సు మినహాయింపు మీ ప్రిన్సిపాల్ సంతకంతో ముందే తీసి పెట్టుకో.

సంతకం అన్నాను కాబట్టి నా సంగతి చెప్పాలి. వెళ్లే ముందు లర్నింగ్ అగ్రిమెంట్ అని ఒక ఫారం ఉంటుంది. ఒక పక్క అక్కడ చదవబోయే సబ్జెక్టులు, వాటి క్రెడిట్లు, రెండో పక్క వాటికి బదులుగా ఇక్కడ ఏ పేపర్లు అయిపోయినట్టు లెక్కేస్తారో అవి. కింద నీ సంతకం, మీ కాలేజీది, అక్కడి కాలేజీది. నేను వెళ్లేటప్పుడు మా హెచ్‌ఓడీ "ముందు వెళ్లిరామ్మా, వచ్చాక చూద్దాం" అన్నారు, ఆయన మంచితనం మీద నమ్మకంతో రెండో పక్క ఖాళీగానే వదిలేసి విమానం ఎక్కేశాను. అక్కడికి వెళ్లాక టైంటేబుల్లో రెండు క్లాసులు ఒకే గంటకి పడ్డాయి, ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ వదిలేసి ఇంటర్నేషనల్ మార్కెటింగ్ తీసుకున్నాను, ఎవరికీ మెయిల్ పెట్టలేదు. తిరిగొచ్చేసరికి హెచ్‌ఓడీ మారిపోయారు. ఎగ్జామ్ సెక్షన్‌లో కిటికీ దగ్గర నిలబెట్టి సిలబస్ కలవలేదన్నారు. ఆరు పేపర్లు పాసై వచ్చిన నేను రెండు పేపర్లు మళ్లీ జూనియర్లతో కూర్చుని రాశాను. ఆ రోజు ఆ కిటికీ దగ్గర వచ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

క్రెడిట్లలో ఇంకో చిక్కుంది. యూరప్‌లో సెమిస్టరుకి 30 ఈసీటీఎస్ (యూరప్ కాలేజీలన్నీ వాడే ఉమ్మడి లెక్క) క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్టుకి 25 నుంచి 30 గంటల పని, అందులో క్లాసు, లైబ్రరీ, గ్రూప్ వర్క్ అన్నీ కలిసే ఉంటాయి. మన దగ్గర క్రెడిట్టంటే వారానికి ఎన్ని గంటల క్లాసు అన్న లెక్క. మీకు సెమిస్టరుకి 20 క్రెడిట్లయితే, అక్కడి 30 ఇక్కడి 20కి సమానమని ముందే రాయించుకోవాలి. మార్కులదీ అంతే. ఫ్రాన్స్‌లో 20కి వేస్తారు, 10 వస్తే పాస్, 12 ఫర్వాలేదు, 14 బాగుంది, 16 వచ్చిందంటే చాలా బాగా చదివినట్టు. అంతకు మించి వేయడానికి మేష్టార్లకి చెయ్యి రాదు. నాకు వచ్చిన 14ని మా వాళ్లు నేరుగా 70 శాతం చేసేశారు, అక్కడ క్లాసులో ముందు వరసలో నిలబెట్టే మార్కు ఇక్కడ మెమోలో మామూలు మార్కైపోయింది. మార్పిడి పట్టిక ఏదో ఒకటి ఆ అగ్రిమెంటుకే జత చేయించు. అక్కడికి వెళ్లాక సబ్జెక్టు మారితే ఆ వారంలోనే మార్పు ఫారం మీద మళ్లీ మూడు సంతకాలు పడాలి.

ఇప్పుడు నీ టెన్షన్ సంగతి. మొదటి రోజే పేరు రాసిన అట్టముక్క మడిచి బల్ల మీద పెట్టమంటారు, ఎవరు మాట్లాడారో లెక్చరర్ రాసుకోవడానికి, చాలా సబ్జెక్టుల్లో మాట్లాడినదానికీ మార్కులుంటాయి. నేను మూడు వారాలు నోరు విప్పలేదు. నాలుగో వారం పాడైపోయే సరుకుకి ధర ఎలా కడతారన్న పాఠం వచ్చింది. అందరూ సూపర్‌మార్కెట్ల గురించి చెప్తున్నారు. మా పెద్దమ్మ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని పూర్ణా మార్కెట్లో అమ్మేది, చిన్నప్పుడు సెలవుల్లో తెల్లారగట్ల ఆమెతో వెళ్లేదాన్ని. చెయ్యెత్తి అదే చెప్పాను. బోట్లు ఒడ్డుకి రాగానే గంపలు కింద పెట్టి వేలంపాట పెడతారు, ముందు పాటలో వంజరానికి మంచి రేటు పలుకుతుంది, ఎండ ఎక్కేకొద్దీ రేటు దిగుతుంది, పెద్దమ్మ ముందు పాటకి పోకుండా రెండో పాట దాకా ఆగేది, ఎందుకంటే ఐసు కొనే ఖర్చు ఆమెది, ఎంతసేపు ఆగితే ఎంత ఐసు పడుతుందో ఆమెకి వేళ్ల మీద లెక్క. లెక్చరర్ బోర్డు దగ్గర నుంచి వచ్చి నా బల్ల ముందు కూర్చుని ఆ ఐసు ఖర్చు ఎవరి మీద పడుతుంది, బోటువాళ్ల మీద ఎందుకు పడదు అని అడిగారు. ఆ గంటంతా దాని మీదే నడిచింది. నా ఇంగ్లిష్ ఆ రోజు కూడా అంతంతమాత్రమే.

నువ్వు పోర్టు ఉద్యోగి కొడుకువి. మన పోర్టు 1933 నుంచి నడుస్తోంది. ఓడ బెర్త్ (సరుకు దించడానికి ఓడని కట్టే చోటు) కోసం బయట ఎన్ని రోజులు ఆగుతుంది, ఆగిన రోజులకి డబ్బు ఎవరు కడతారు, సరుకు దిగాక రైలు వ్యాగన్ దొరక్కపోతే ఏమవుతుంది, ఇవన్నీ వెళ్లేలోపు నాన్నగారిని అడిగి ఒక నోట్‌బుక్కులో రాసుకో. సప్లై చెయిన్ క్లాసులో ఇంకెవరి దగ్గరా ఉండని సరుకు అది. ఆయన కూడా అప్పుడు ఖర్చు గురించి అడగడం కాస్త తగ్గిస్తారేమో చూడు.

ప్రశ్న: నమస్తే అండీ. ఎంవీపీ కాలనీ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి బీకాం. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర కడితే యూరప్‌లో ఎక్స్చేంజ్ సీటు ఖాయం చేస్తామంటున్నారు. పిల్ల తిండికి ఏం పంపాలి, రాత్రిళ్లు ఫోన్ చేయడానికి వీలుంటుందా? నాకు భయంగా ఉంది.

జవాబు: కట్టకండి. రెండు కాలేజీల మధ్య ఒప్పందం ఉంటేనే ఎక్స్చేంజ్, పేరు పంపాల్సింది అమ్మాయి చదివే కాలేజీయే, మధ్యలో ఎవరూ సీటు ఖాయం చేయలేరు. వాళ్లు చెప్పేది బహుశా ఏదో సమ్మర్ స్కూలో, ఫీజు మొత్తం మనమే కట్టుకునే సెమిస్టరో అయ్యుంటుంది. అది తప్పు పని కాదు, కానీ దాని పేరు వేరు, లెక్క వేరు. ముందు అమ్మాయి కాలేజీలో ఒప్పందాల జాబితా చూపించమనండి. ఆ సెమిస్టరు మార్కులు ఇక్కడి మెమోలోకి ఎక్కుతాయని కాలేజీ నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

తిండి విషయం. ఆవకాయ, కందిపొడి, పప్పులు నిక్షేపంగా పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురానివ్వరు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా సర్టిఫికెట్టు లేనిదే కుదరదు, కరివేపాకు ఎండబెట్టి పొడి కొట్టి ఇవ్వండి. హాస్టల్ వంటగదిలో పొగ అలారం ఉంటుంది, పోపు పెట్టేటప్పుడు కిటికీ తీసి, మూత వేసి చేసుకోమని ఇప్పుడే అలవాటు చేయండి. నేను మినప్పప్పు మాడ్చిన రాత్రి నాలుగంతస్తుల పిల్లలూ చలిలో కిందికి దిగాల్సొచ్చింది.

ఫోన్ సంగతి: సెప్టెంబరులో ఫ్రాన్స్, జర్మనీలకీ మనకీ తేడా మూడున్నర గంటలు, అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి నాలుగున్నర. మీకు రాత్రి పది అయితే అక్కడ సాయంత్రం ఐదున్నర, క్లాసులు అయిపోయే వేళ. రోజూ ఆ టైముకి పెట్టుకోండి. ఏ ప్రమాదమైనా యూరప్ అంతటా నంబరు 112, మన దగ్గరా అదే కాబట్టి కొత్తగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మీ భయం నాకు అర్థమవుతోందమ్మా, మా అమ్మ నేను వెళ్లిన నెల రోజులూ సరిగ్గా నిద్రపోలేదు. రోజూ ఒకే టైముకి మాట్లాడుకోవడం మొదలయ్యాకే ఆవిడ కుదుటపడింది.

ప్రశ్న: అక్కా, మాది అనకాపల్లి దగ్గర చిన్న డిగ్రీ కాలేజీ. ఎక్స్చేంజ్ అంటే మా సార్లకే తెలీదు. మాలాంటి వాళ్లకి దారి లేదా?

జవాబు: డిగ్రీలో ఉండగా కష్టమే చెల్లీ, లేనిపోని ఆశ పెట్టను. కానీ డిగ్రీ అయ్యాక ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ అని ఉంది, రెండు మూడు దేశాల్లో తిప్పి చదివిస్తారు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు. మన దేశం నుంచి ఏటా చాలామంది వెళ్తున్నారు, వాళ్లలో చిన్న కాలేజీల పిల్లలూ ఉన్నారు. ఎక్కువ కోర్సుల దరఖాస్తులు అక్టోబరు నుంచి జనవరి మధ్యలో తీసుకుంటారు, కాబట్టి ఆఖరి ఏడాది దసరా సెలవుల్లోనే కూర్చోవాలి. పాస్‌పోర్టు లేకపోతే ఇప్పుడే పాస్‌పోర్టు ఆఫీసుకి అపాయింట్‌మెంట్ పెట్టుకో, అందులోనూ పదో తరగతి మెమోలోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. నీ గురించి బాగా తెలిసిన ఇద్దరు లెక్చరర్లు ఎవరో ఈ ఏడాదే చూసుకుని మాట్లాడు, రికమెండేషన్ లెటర్లు రాయాల్సింది వాళ్లే. లెటర్ ఎలా ఉండాలో వాళ్లకి తెలియకపోతే నాకు రాయి, పద్ధతి చెప్తాను.