బాకీకి బదులు గుంటూరు హక్కులు ఇస్తామంటే...

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 34. చిన్న బడ్జెట్ యాక్షన్ సినిమాల్లో హీరోగా, కొన్నింట్లో విలన్‌గా చేస్తున్నాను. ఈ ఏడాది నాకు వచ్చిన రెమ్యూనరేషన్ టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) కోయకముందు రూ.14 లక్షలు. ఇంకో సినిమాకు రూ.5 లక్షలు రావాలి. ఆ డబ్బుకు బదులు గుంటూరు ఏరియాలో ఆ సినిమాను విడుదల చేసుకునే హక్కులు రాసిస్తానని నిర్మాత అంటున్నారు. రిలీజ్ ఖర్చు నేనే పెట్టుకోవాలి. సెకండాఫ్ డబ్బింగ్ ఇంకా చెప్పలేదు. నా దగ్గర దాచిన డబ్బు రూ.4 లక్షలు, ఇంటి ఖర్చు నెలకు రూ.45 వేలు. పోయినేడాది ఫైట్‌లో మోకాలి లిగమెంట్ దెబ్బతింది. హక్కులు తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. మీ పేరు పోస్టర్ మీద ఉన్న సినిమాను మీ ఊళ్లో మీరే విడుదల చేయాలన్న ఆశ నాకు అర్థమవుతుంది. కానీ లెక్క వేసి చూడండి.

పది థియేటర్లు అనుకుందాం. చిన్న సినిమాకు వాటా పద్ధతి (వచ్చిన టికెట్ డబ్బును థియేటర్‌తో పంచుకోవడం) దొరకడం కష్టం, వారం అద్దె ముందే కట్టమంటారు. థియేటర్‌కు రూ.60 వేల చొప్పున రూ.6 లక్షలు. పోస్టర్లు, ఫ్లెక్సీలు, ఆటో ప్రచారం, లోకల్ కేబుల్ యాడ్‌లు కలిపి రూ.3 లక్షలు. డిజిటల్ ప్రొజెక్షన్ ఛార్జీలకు, మీ తరఫున కలెక్షన్ చూసే మనుషులకు ఇంకో లక్ష. మొత్తం రూ.10 లక్షలు. వంద రూపాయల టికెట్‌లో 5 శాతం జీఎస్టీ పోగా మిగిలేది సుమారు రూ.95. రోజుకు నాలుగు ఆటలు, ఏడు రోజులు, పది థియేటర్లు అంటే 280 షోలు. పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే షోకు సగటున 38 మంది రావాలి. మీ బాకీ రూ.5 లక్షలు కూడా రాబట్టాలంటే 57 మంది కావాలి. శుక్రవారం ఫస్ట్ షో సంగతి కాదిది, మంగళవారం మ్యాట్నీని కూడా కలుపుకున్న సగటు. అద్దెలు మీ సెంటర్లలో ఎలా ఉన్నాయో కనుక్కుని ఇదే లెక్క మళ్లీ వేయండి.

పైగా మీ దగ్గరున్నది రూ.4 లక్షలే. మిగతా ఆరు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు రూ.12 వేలు దానికే పోతుంది. రిలీజ్ వాయిదా పడ్డా ఆ వడ్డీ ఆగదు. చిన్న సినిమాలు చివరి నిమిషంలో ఆగిపోవడానికి ఎక్కువగా కారణం సినిమాకు అప్పిచ్చిన ఫైనాన్షియర్ బాకీ తేలకపోవడమే, ఆయన క్లియరెన్స్ ఇవ్వందే బొమ్మ బయటికి రాదు. ఇంకో పరీక్ష కూడా ఉంది. విజయవాడ గాంధీనగర్‌లో ఇద్దరు ముగ్గురు డిస్ట్రిబ్యూటర్లను కలిసి, గుంటూరు ఏరియాకు అడ్వాన్స్ ఎంతిస్తారో అడగండి. ఎవరూ ఇవ్వమంటే ఆ హక్కుల విలువ రూ.5 లక్షలని ఒప్పుకోవాల్సిన అవసరం మీకు లేదు.

మీ పట్టు డబ్బింగ్ దగ్గరుంది. అయితే పూర్తిగా బిగదీస్తే నిర్మాత వేరే గొంతుతో చెప్పించేయొచ్చు. అందుకని సగం, అంటే రూ.2.5 లక్షలు, డబ్బింగ్ మొదలుపెట్టే రోజు ఆర్టీజీఎస్‌లో వేయమనండి. మిగతా సగానికి రిలీజ్ కంటే ముందు తేదీ వేసిన చెక్కు తీసుకోండి. దానితోపాటు ‘ఫలానా సినిమా రెమ్యూనరేషన్ బాకీ కింద ఈ నంబరు చెక్కు ఇస్తున్నాం’ అని లెటర్‌హెడ్ మీద సంతకంతో రాయించుకోండి. ఈ కాగితం లేకపోతే రేపు ‘అది సెక్యూరిటీ చెక్కు, హామీ కోసమే ఇచ్చాం’ అనేస్తారు. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. బౌన్సయితే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందాక కట్టడానికి నిర్మాతకు 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లో కోర్టులో ఫిర్యాదు వేయాలి. ‘వచ్చే వారం చూద్దాం’ అనే మాటలు నమ్మి ఈ గడువులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. హిందీ డబ్బింగ్ హక్కులు ఇంకా అమ్మకపోతే, ఆ అడ్వాన్స్‌లోంచి మీ బాకీ ముందు తీర్చేలా రాసివ్వమని కూడా అడగండి. కాకపోతే అవి అప్పటికే ఫైనాన్షియర్ పేరు మీద ఉంటే ఆ రాతతో ప్రయోజనం లేదు, ముందు అది కనుక్కోండి.

పన్ను విషయంలో మీకు మంచి వార్తే. 2025–26 లెక్కల ప్రకారం సినీ నటులకు ఆదాయ పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ వర్తిస్తుంది. వచ్చిన దాంట్లో సగం, అంటే రూ.7 లక్షలు ఆదాయంగా చూపితే సరిపోతుంది. మీకు వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో దానిమీద పన్ను సున్నా. పది శాతం టీడీఎస్ కింద కోసిన రూ.1.4 లక్షలు ఐటీఆర్-4 రిటర్ను వేస్తే వెనక్కి వస్తాయి. కోసి ప్రభుత్వానికి కట్టని నిర్మాణ సంస్థలు ఉంటాయి కాబట్టి మూడు నెలలకోసారి 26ఏఎస్ (మీ పేరున జమైన పన్ను వివరాల పత్రం) తెరిచి చూసుకోండి.

ఆ రిఫండ్ రూ.1.4 లక్షలు మీ రూ.4 లక్షలకు కలిస్తే రూ.5.4 లక్షలు, సరిగ్గా మీ ఇంటికి పన్నెండు నెలల ఖర్చు. ఉద్యోగస్తులకు ఆరు నెలలు చాలంటాను, షూటింగులు ఎప్పుడు ఆగుతాయో తెలియని మీకు ఏడాది కావాలి. దీన్ని స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు ఖాతాలోకి డబ్బు దానంతటదే వచ్చే డిపాజిట్) ఉంచండి. సినిమాల డబ్బు పడే ఖాతా వేరుగా పెట్టి, ప్రతి నెలా 1న ఇంటి ఖాతాకు రూ.45 వేలు మాత్రమే పంపండి. అడ్వాన్స్ వచ్చిన నెలలోనూ అంతే.

మోకాలి గురించి నాకు నిజంగా ఆందోళనగా ఉంది. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి, అందులో తాత్కాలికంగా పని చేయలేని వారాలకు డబ్బిచ్చే కవర్ తప్పనిసరిగా ఉండాలి. వృత్తి గడిలో ‘నటుడు’ అని వదిలేయకుండా ‘ఫైట్లు స్వయంగా చేస్తాను’ అని రాయండి. ప్రీమియం పెరగొచ్చు, కొన్ని కంపెనీలు ఒప్పుకోకపోవచ్చు. అయినా రోప్ షాట్లు (తాడు కట్టుకుని చేసే ఫైట్లు), ఎత్తు నుంచి దూకడం కవరవుతాయో లేదో ఈమెయిల్‌లో జవాబు తీసుకున్నాకే కట్టండి. హెల్త్ పాలసీలో లిగమెంట్ సంగతి దాచొద్దు. చెబితే దానికి గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి, దాస్తే క్లెయిమే తిరస్కరించవచ్చు. కొత్త సినిమా ఒప్పుకునేటప్పుడు షూటింగ్‌లో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు నిర్మాతదేనన్న వాక్యం అగ్రిమెంట్‌లో ఉందో లేదో సంతకానికి ముందే చూడండి.