డాక్టర్ సలహా: ఆ తీగల కుప్పకు మాత్రం నిప్పు పెట్టకండి

ప్రశ్న: మేం అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉంటున్నాం. రాలీ నగరానికి దూరంగా, పల్లె వైపు ఆరెకరాల స్థలం కొన్నాం. మనుషుల్ని పెట్టి పొదలు కొట్టిద్దాం అనుకునేలోపే, ఇండియా నుంచి వచ్చిన మా నాన్న (66 ఏళ్లు, షుగర్ ఉంది) లుంగీ ఎగ్గట్టి, కత్తి పట్టుకుని చెట్లకు పాకిన తీగలు నరకడం మొదలుపెట్టారు. ఆయనకు ఏమీ కాలేదు. వాటిని లాగి కుప్ప వేసిన నా భార్యకు మాత్రం రెండో రోజుకల్లా ముంజేతుల మీద గీతలు గీసినట్టు ఎర్రగా పొంగి, నీటి పొక్కులు వచ్చాయి. పక్క స్థలం ఆయన చూసి, అది పాయిజన్ ఐవీ అనే విషపు తీగ అన్నాడు. పొక్కుల్లోని నీరు తగిలితే మా నాలుగేళ్ల పాపకూ వస్తుందా? ఆదివారం కుప్ప తగలబెట్టేద్దాం అంటున్నారు నాన్న. మిగతా తీగల్ని ఎలా తీయాలి? రెండు మేకల్ని తెచ్చి కడితే సరిపోతుందని కూడా ఆయనే అంటున్నారు.

జవాబు: ముందు ఆదివారం సంగతి. ఆ కుప్పకు నిప్పు పెట్టొద్దు. పచ్చిగా ఉన్నా వద్దు, పూర్తిగా ఎండిపోయినా వద్దు. కొట్టిన కంపంతా కుప్పేసి అగ్గిపుల్ల గీయడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మీ నాన్నగారి తప్పేం లేదు. కానీ ఈ తీగలో ఉన్న నూనె మంటకు కాలిపోయి ఊరుకోదు. పొగలోని మసితో పాటు గాల్లోకి లేస్తుంది. అది పీలిస్తే, మీ ఆవిడ చేతుల మీద ఇప్పుడున్న వాపు, పొక్కులు ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో వచ్చినట్టు అవుతుంది. అలా ఐసీయూ దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. గాలి ఎటు వీస్తే అటున్న ఇళ్లవాళ్లకూ అదే బాధ.

ఆ నూనె పేరు ఉరుషియాల్. జపాన్‌లో చెక్క గిన్నెలకు నిగనిగలాడే లక్క పూత వేస్తారు. దానికి వాడే చెట్టు పాలను వాళ్లు ‘ఉరుషి’ అంటారు. ఆ మాట నుంచే ఈ పేరు వచ్చింది. మనకు ఇదేమీ కొత్త సరుకు కాదు. మన నల్లజీడి, జీడిమామిడి, మామిడి అన్నీ ఈ తీగతో ఒకే కుటుంబం. పలాస వైపు జీడిపిక్కలు కొట్టేవాళ్ల వేళ్లు నల్లబడి, తోలు ఊడి ఉండటం చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. పిక్క తొక్కలోని జీడినూనె ఈ ఉరుషియాల్‌కు దగ్గరి చుట్టమే. పూర్వం చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి రసమూ అంతే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికులకు ఆ చాకలి గుర్తు ఒరుసుకున్న చోట దద్దుర్లు లేచేవి. ‘ధోబీ మార్క్ డెర్మటైటిస్’ అని డాక్టర్లు దానికో పేరే పెట్టారు.

మీ ఆవిడను ఒక్కమాట అడగండి: చిన్నప్పుడు చెట్టు కింద పచ్చి మామిడికాయ కొరికితే సొన తగిలి మూతి పక్కన పొక్కేదా? అవునంటే, ఈ తీగ తగలకముందే ఆమె ఒంటికి ఈ రకం నూనెతో పేచీ మొదలై ఉండొచ్చు. కాదంటే, ఇంతకుముందు ఏ పార్కులోనో తనకు తెలియకుండానే ఇది తగిలి ఉంటుంది. ఎందుకంటే ఇది అలర్జీ. ఒంటికి ఒకసారి పరిచయమయ్యాక, మళ్లీ తగిలితే ఒకటి రెండు రోజుల్లో బయటపడుతుంది. మొట్టమొదటిసారి తగిలినవాళ్లకు వారం నుంచి మూడు వారాల దాకా పట్టొచ్చు, ఆ మొదటిసారి అసలేమీ రాకపోవచ్చు కూడా. అందుకే ‘నాన్నకు ఏమీ కాలేదు’ అని నిశ్చింతగా ఉండొద్దు. నూటికి పదిహేను మందికి ఈ నూనె ఏమీ చేయదంటారు. ఆయన ఆ పదిహేను మందిలో ఉన్నారో, మూడు వారాల గడువులో ఉన్నారో ఇప్పుడే చెప్పలేం. ఈలోపు ఆయన చేతికి కత్తి ఇవ్వకండి.

పాప సంగతి. పొక్కుల్లోని నీరు మన ఒంట్లోంచి ఊరినదే, అందులో ఈ నూనె ఉండదు. అది తగిలినంత మాత్రాన ఎవరికీ రాదు. స్నానం చేశాక పాప అమ్మ పక్కలో పడుకోవచ్చు. నాలుగైదు రోజుల తర్వాత కూడా కొత్త పొక్కులు లేస్తుంటే ‘పాకుతోంది’ అని టెన్షన్ పడుతుంటారు. అది పాకడం కాదు. నూనె ఎక్కువగా అంటిన చోట, చర్మం పల్చగా ఉన్న చోట ముందు లేస్తుంది. మిగతా చోట్ల ఆలస్యం, అంతే.

మరి పాపకు ఎలా వస్తుందంటే, తాతగారి లుంగీ నుంచి. చెప్పుల నుంచి, గుమ్మం పక్కన ఆనించిన కత్తి పిడి నుంచి, మీ ఆవిడ ఆ చేతులతోనే పట్టుకున్న కారు స్టీరింగ్ నుంచి. కుక్క ఉంటే దాని బొచ్చు నుంచి. ఈ నూనె ఎండిపోదు, కంటికి కనిపించదు, పనిముట్ల మీద ఏళ్ల తరబడి ఉండగలదు. కాబట్టి ఇవాళే చేతులకు గ్లౌజులు వేసుకుని, ఆ బట్టల్ని దులపకుండా అలాగే మిషన్‌లో విడిగా వేసి, వేడినీళ్లతో డిటర్జెంట్ పెట్టి ఉతకండి. కత్తిని పిడితో సహా రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి. చెప్పులు, తలుపు గొళ్లెం, స్టీరింగ్, ఫోను కూడా.

ఇక తీగను గుర్తుపట్టడం. మారేడు దళం చూశారు కదా, అలా మూడేసి ఆకులు, నడిమి ఆకుకు కాస్త పొడుగు తొడిమ. ‘మూడాకులుంటే ముట్టుకోకు’ అని అక్కడి పిల్లలకు నేర్పుతారు. మీరు పాపకూ నేర్పండి. అయిదాకులుంటే అది చాలావరకు వర్జీనియా క్రీపర్, వేరే తీగ. చెట్టుకు పాకిన ముదురు పాయిజన్ ఐవీ మొదలు చూస్తే కొబ్బరి పీచు తాడు చుట్టినట్టు నూగు వేళ్లతో ఉంటుంది. చలికాలంలో ఆకులన్నీ రాలిపోయినా ఆ తాడు లాంటి కాండంలో నూనె అలాగే ఉంటుంది. ‘ఆకుల్లేవుగా’ అని డిసెంబరులో ఒట్టి చేతులతో లాగి ఆస్పత్రికి వచ్చేవాళ్లూ ఉంటారు.

తీసే పద్ధతి చోటును బట్టి మారుతుంది. నేల మీద అక్కడక్కడా ఉన్న చిన్న మొక్కల్ని వాన పడిన మర్నాడు, మట్టి మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టేయండి. వేరు ముక్క మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. చెట్టెక్కిన తీగను మాత్రం ఎప్పుడూ కిందికి లాగొద్దు, మొత్తం మీ ముఖం మీదే పడుతుంది. నేలకు దగ్గరగా ఒక కోత, నడుము ఎత్తున ఇంకో కోత కోసి, మధ్య ముక్క తీసేయండి. కింద మిగిలిన మొదలు మీద వెంటనే, ఆలస్యం చేయకుండా, గ్లైఫోసేట్ గాని ట్రైక్లోపైర్ గాని, ఈ రెండు కలుపు మందుల్లో ఒకటి బ్రష్‌తో పూయండి. పై తీగ చెట్టు మీదే ఎండిపోతుంది, దాని మానాన దాన్ని వదిలేయండి. దట్టంగా అల్లుకున్న చోట ఎండాకాలంలో, ఆకు నిండుగా ఉన్నప్పుడు, గాలీ వానా లేని రోజు చూసి పిచికారీ చేయాలి. గ్లైఫోసేట్ పచ్చగా ఉన్న ప్రతిదాన్నీ చంపుతుంది, ట్రైక్లోపైర్ గడ్డిని వదిలేస్తుంది. ఎంత కలపాలో డబ్బా మీద రాసినట్టే కలపండి, ‘ఇంకో మూత పోద్దాం’ వద్దు. ఒక్క ఏడాదిలో పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

తాడు తిరిగే ట్రిమ్మర్, కొమ్మలు ముక్కలు చేసే మిషన్ దీని మీద వాడొద్దు. ఆకు తుంపర్లు కాళ్లకూ ముఖానికీ చిమ్ముతాయి. ఒంటి మీద నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు ఉండాలి. ప్యాంటు అంచు సాక్సులోకి దోపుకోవాలి. గ్లౌజులు మందపాటి వినైల్‌వి కొనండి. డాక్టర్లు వాడే పల్చటి లేటెక్స్ గ్లౌజుల గుండా ఈ నూనె దిగిపోతుంది, నూలువి అయితే పీల్చుకుంటాయి.

నూనె తగిలిందని అనుమానం వస్తే గడియారం చూసుకోండి. మొదటి పది నిమిషాల్లో కడిగితే చాలావరకు పోతుంది, అరగంట దాటితే పోయేది బాగా తక్కువ. ఖరీదైన ప్రత్యేక సబ్బులు ఉన్నాయి గానీ, అంట్లు తోమే లిక్విడ్ దాదాపు అదే పని చేస్తుంది. పారే నీళ్ల కింద, గుడ్డతో గట్టిగా రుద్ది కడగాలి. గోళ్ల సందులు మరిచిపోవద్దు. కడగకముందు కొబ్బరినూనె రాస్తే విషాన్ని ఒళ్లంతా పులిమినట్టే. స్థలం దగ్గర నీటి వసతి ఇంకా లేదేమో, కారులో ఒక పెద్ద నీళ్ల క్యాన్, ఆ లిక్విడ్ సీసా పెట్టుకునే వెళ్లండి.

మీ ఆవిడకు ఇది రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. చల్లటి తడిగుడ్డ రోజుకు మూడు నాలుగు సార్లు పదిహేను నిమిషాల చొప్పున వేయండి, కాలమైన్ లోషన్ రాయండి. పొక్కులు చిదమొద్దు. పగిలిన పొక్కుల మీద పసుపు, వేపాకు ముద్ద వద్దు. దురదకు నిద్ర పట్టకపోతే, చేతులు బాగా వాచి ఉంటే డాక్టర్‌కు చూపించండి. షాపులో దొరికే ఒక శాతం హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) క్రీము ఇంత పెద్ద పొక్కులకు చాలదు. స్టెరాయిడ్ మాత్రలే ఇస్తే అయిదారు రోజుల ప్యాక్‌తో ఆపేయడం కాకుండా, రెండు మూడు వారాల్లో మెల్లగా తగ్గించే కోర్సు అడగండి. ముందే ఆపితే మళ్లీ ఎగదన్నుతుంది. నాన్నగారికి కూడా వచ్చి స్టెరాయిడ్ మొదలుపెడితే షుగర్ పెరుగుతుంది. ఆయనకు షుగర్ ఉందని డాక్టర్‌కు ముందే చెప్పాలి, రోజూ మీటర్‌తో చూసుకోవాలి.

ఊపిరి ఆడకపోయినా, మింగడం కష్టమైనా, కళ్లు మూసుకుపోయేంతగా ముఖం వాచినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. జననాంగాల దగ్గర వచ్చినా, చీము పట్టినా, జ్వరం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా అదే రోజు డాక్టర్‌ను కలవాలి. విజిటర్ ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో అని తాతలు, అమ్మమ్మలు దాచుకుని కూర్చోవడం నాకు బాగా తెలుసు. అడిగితే ‘ఏం లేదురా’ అంటారు. నాన్నగారి ముంజేతులు, పిక్కలు మీరే రోజూ ఒకసారి చూడండి.

ఉన్న కుప్పను గ్లౌజులతో సంచుల్లోకి ఎత్తి, మీ కౌంటీ చెత్త నిబంధనల ప్రకారం పంపేయండి. అప్పటిదాకా పాప అటు వెళ్లకుండా చుట్టూ టేపు కట్టండి.

మేకల సంగతిలో నాన్నగారి మాటే రైటు. మేకలు దీన్ని చక్కగా మేస్తాయి, వాటికేమీ కాదు. వేరు మాత్రం భూమిలో మిగిలే ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ మేపాలి. మేసొచ్చిన మేక మెడను మాత్రం పాప వాటేసుకోకుండా చూడండి.