ఆ మాట బ్రాకెట్లలో ఎందుకు పెట్టావు?

అమ్మాయ్,

నువ్వు పంపిన ఆరు థ్రిల్లర్ రివ్యూలూ నిన్న మధ్యాహ్నం కూర్చుని చదివేశాను. ఐదింటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, బాగానే రాశావు. నాలుగో దాంట్లో ఒక మాట దగ్గర మాత్రం కాగితాలు పక్కన పెట్టి లేచి వరండాలో అటూ ఇటూ తిరిగాను. "(మే నెలలో కాలువ కట్టేసి ఉంటుంది, శవం కొట్టుకుపోయేన్ని నీళ్లుండవు అన్నాడు మా తాతయ్య, ఆయన లాకుల దగ్గర నీళ్ల తలుపులు ఎత్తి దించే లస్కరుగా చేశాడు. ఇది చిన్న విషయమే అనుకోండి.)"

చిన్న విషయమని ఎవరు చెప్పారు నీకు? ఆ నవల మొత్తం నిలబడింది ఆ శవం మీదే కదా. పది కిలోమీటర్ల అవతల తేలింది కాబట్టే హంతకుడు ఆ టైముకి నేను ఊళ్లోనే ఉన్నానని తప్పించుకు తిరిగాడు. దాళ్వా, అంటే రెండో వరి పంట, కోతలయ్యాక కాలువ కట్టేశారంటే మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా లాకుల పక్కన మడుగులు, అడుగున బురద, ఆ బురదలో గేదెలు తప్ప ఏముంటాయి? డెల్టాలో పదేళ్ల పిల్లాడికి తెలుసు, వాడు దిగి చేపలు పట్టేది ఆ రోజుల్లోనే. రాసినాయనకు తెలీలేదు, అచ్చేసినవాళ్లకు తెలీలేదు, నీకు తెలిసింది. తెలిసి కూడా బ్రాకెట్లలో దాచేసి, చివర్లో "ట్విస్ట్ అదిరింది" అని నాలుగు స్టార్లు ఇచ్చావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను ఇంటర్ చదివే రోజుల్లో అమలాపురం గడియారస్తంభం దగ్గర ఒక అద్దె పుస్తకాల కొట్టుండేది, పుస్తకానికి రోజుకు పావలా. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు దొరికినవన్నీ అక్కడే తెచ్చుకుని చదివాను. ఒకసారి ఇంకెవరిదో డిటెక్టివ్ నవల తెస్తే చివరి పేజీలు లేవు, ఎవరో చింపేశారు. కొట్టాయన ఆ పావలా తిరిగి ఇవ్వనన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టక మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలెట్టాను, ఈసారి పక్కన నోటుబుక్కు పెట్టుకుని. ఎవరు ఎన్నింటికి ఎక్కడున్నారు, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది, మందుసీసా ముందు ఎవరు చూశారు, అన్నీ గీతలు గీసుకుని రాసుకున్నాను. మూడు రోజులు పట్టింది. డాక్టరే చంపాడని తేల్చాను. రెండు నెలలయ్యాక రావులపాలెంలో మా మేనత్త ఇంట్లో అదే నవల నిండుగా దొరికింది. నిలబడే చివరి పేజీలు తిప్పాను. చంపింది డాక్టరు కాదు, అంతవరకు కథలో పేరైనా వినపడని ఆయన కవల తమ్ముడట! పుస్తకం మంచం మీదికి విసిరేశాను. ఆ కోపంలో రాసుకున్న రెండు పేజీలే నా మొదటి రివ్యూ.

చాలా ఏళ్లకు తెలిసింది, రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు క్యాథలిక్ ఫాదర్, తనూ డిటెక్టివ్ నవలలు రాసినవాడే, 1929లోనే ఈ రకం కథలకు పది నియమాలు రాసిపెట్టాడని. నేరం చేసినవాడు కథ మొదట్లోనే కనపడాలన్నది మొదటిది. పాఠకుణ్ణి ముందుగా సిద్ధం చేయకుండా కవలల్ని తీసుకురాకూడదన్నది పదోది. అది చదివిన రోజు నా పావలా నాకు తిరిగొచ్చినట్టనిపించింది.

అందుకే చెప్తున్నాను, రెండోసారి చదవకుండా థ్రిల్లర్ మీద ఒక్క లైను రాయకు. మొదటిసారి మనం టెన్షన్‌లో పేజీలు తిప్పుతాం, అప్పుడు రచయిత చేతిలో ఉంటాం. హంతకుడెవరో తెలిశాక చదివితే రచయితే మన చేతిలో ఉంటాడు. అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' 1926లో వచ్చినప్పుడు ఇది మోసం అని గొడవపడ్డవాళ్లున్నారు. రెండోసారి చదివి చూడు, దాచాల్సిందంతా ఆవిడ మన కళ్లముందే పెట్టింది, మనమే దాటుకుని పోయాం. అలాంటిదానికి ఇవ్వు నీ స్టార్లు, ఇచ్చి తీరాలంటే. ఈ స్టార్లు ఎవరు కనిపెట్టారో కానీ రివ్యూ చదివే అలవాటునే చంపేశాయి, అందరూ లెక్క చూసుకుని వెళ్లిపోతున్నారు.

సిరీస్ అయితే ఎనిమిది ఎపిసోడ్లూ మళ్లీ చూడటం కష్టమే, ఒప్పుకుంటాను. మొదటిదీ చివరిదీ అయినా చూడు. నువ్వు మెచ్చుకున్న ఆ సిరీస్‌లో ఇన్‌స్పెక్టర్ గదిలో కూర్చోబెట్టి అడగ్గానే హంతకుడు ఏడ్చి ఒప్పేసుకుంటాడు, కేసు అయిపోతుంది. పోలీసు దగ్గర ఒప్పుకున్నది ముద్దాయి మీద రుజువుగా పనికిరాదని 1872 సాక్ష్యాధారాల చట్టంలోనే ఉంది, 25వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అనే కొత్త చట్టం వచ్చి అది 23వ సెక్షన్ అయింది కానీ ఆ సంగతి మారలేదు. మరి కోర్టులో ఏం చూపిస్తాడు ఆ ఇన్‌స్పెక్టరు? ఆ ప్రశ్న నీ రివ్యూలో ఉండాలి.

కథ ఎంతవరకు చెప్పొచ్చని అడిగావు. హంతకుడి దాకా తీసుకెళ్లే ఏ ముడీ విప్పకు. ఒక వారపత్రికకు నెలకో రివ్యూ రాసేవాణ్ణి. నేను ఎంతో జాగ్రత్తగా రాసిస్తే అక్కడి ఎడిటర్ పైన హెడ్డింగులోనే హంతకుడి పేరు పెట్టేశాడు. ఆ నవల రాసినాయన నాకు కార్డు రాశాడు, "మూడేళ్ల కష్టమండీ" అని, ఒకే ఒక్క లైను. ఎడిటర్ని అడిగితే "ఎవరు చదువుతారండీ అంత జాగ్రత్తగా" అన్నాడు. ఆ నెలతో మానేశాను. ఆ కార్డు ఇప్పటికీ నా డైరీలో ఉంది.

నాలుగో రివ్యూ మళ్లీ రాసి పంపు. తాతయ్యగారి మాట బ్రాకెట్లలోంచి తీసి మొదటి వాక్యంగా పెట్టు. రాసే ముందు ఆయన్ని ఇంకొక్కటి అడుగు, అదే శవం జూలైలో, కాలువ నిండుగా పారుతున్నప్పుడు పడితే ఏ లాకు తలుపుల దగ్గర ఆగేదని.