శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ ఎప్పుడు మొదలైంది? లోపల ఏమేం ఉంటాయి?

2008 మార్చి 23 నుంచి ఇక్కడ విమానాలు ఎగురుతున్నాయి. అంతకుముందు అన్నీ బేగంపేటలోనే. నిజాం కాలం నాటి ఆ విమానాశ్రయం చుట్టూ ఊరు పెరిగిపోయి, విస్తరించడానికి చోటు లేకుండా పోయింది. అందుకే శంషాబాద్ దగ్గర దాదాపు 5,500 ఎకరాల్లో జీఎంఆర్ సంస్థ, ప్రభుత్వాల భాగస్వామ్యంతో దీన్ని కట్టారు. ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు, ఎంత పెద్ద విమానమైనా దిగుతుంది.

దేశీయ, అంతర్జాతీయ ప్రయాణాలు రెండూ ఒకే టెర్మినల్‌ నుంచి. కనెక్టింగ్ ఫ్లైట్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట, బస్సెక్కి ఇంకో టెర్మినల్‌కి పరుగెత్తే టెన్షన్ లేదు. ఫోన్‌లో డిజియాత్ర (ముఖాన్ని బట్టి ప్రయాణికుణ్ని గుర్తుపట్టే యాప్) ఉంటే గేటు దగ్గర ముఖం చూపించి లోపలికి వెళ్లొచ్చు. లాంజ్‌లు, తిండి, షాపింగ్ మామూలే; ధరలు మాత్రం ఎయిర్‌పోర్ట్ ధరలే!

టికెట్ లేనివాళ్లను టెర్మినల్‌లోకి పంపరు. అమెరికా వెళ్లే అబ్బాయిని సాగనంపడానికి వచ్చిన ఇంటిల్లిపాదీ బయటే నిలబడి ఫొటోలు దిగుతుంటారు. ఆవకాయ సీసా ఉంటే చెకిన్ సూట్‌కేసులోనే సర్దండి.

సిటీ నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి, క్యాబ్ కంటే చాలా చౌక.