ల్యాప్‌టాప్‌లో పాట రికార్డింగ్: ముందు ఇంటర్‌ఫేస్ సంగతి చూడండి, తర్వాత సాఫ్ట్‌వేర్

గిటార్ వాయిస్తూ పాడతానన్నారు. విండోస్ ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌లోనే మైక్ పెట్టి రికార్డ్ చేస్తుంటే వెనక బుస్సుమని శబ్దం వస్తోందనీ, హెడ్‌ఫోన్స్‌లో మీ గొంతు మీకే ఆలస్యంగా వినిపిస్తోందనీ రాశారు. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే ఇది పోతుందని అడిగారు.

సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన ఈ రెండూ పోవు. ముందు కావాల్సింది ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైక్‌నూ గిటార్‌నూ ల్యాప్‌టాప్‌కు కలిపే బయటి పెట్టె. నేను ఏడాది పాటు సాఫ్ట్‌వేర్లు మార్చి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. హెడ్‌ఫోన్స్‌లో తాళం చెప్పే క్లిక్ శబ్దం వింటూ పాడేవాణ్ణి. తర్వాత వింటే ప్రతి చరణం తాళానికి కాస్త వెనకబడి ఉండేది. లోపం నా లయలోనే ఉందనుకుని వారాల తరబడి మెట్రోనోమ్‌తో సాధన చేశాను. ఒకరోజు ఏదో ఆలోచిస్తూ పెన్నుతో మైక్ జాలీ మీద కొట్టాను. చేతి దగ్గర ఒక ‘టక్’, హెడ్‌ఫోన్స్‌లో ఇంకో ‘టక్’. రెండింటి మధ్య ఖాళీ స్పష్టంగా వినిపించింది. నా గొంతు ఆలస్యంగా చెవికి చేరుతుంటే, దానికి సర్దుకుంటూ నాకు తెలియకుండానే సాగదీసి పాడుతున్నానని అప్పుడు అర్థమైంది.

ఈ ఆలస్యాన్నే లేటెన్సీ అంటారు. ల్యాప్‌టాప్ శబ్దాన్ని చుక్కచుక్కగా తీసుకోదు. బిందె నిండాక మోసినట్టు, కొంత పోగయ్యాక ఒక్కసారి తీసుకెళ్తుంది. ఆ బిందె పరిమాణమే బఫర్ సైజు. ల్యాప్‌టాప్ శబ్దాన్ని సెకనుకు వేలసార్లు కొలుస్తుంది, ఒక్కో కొలత ఒక శాంపిల్. సెకనుకు 48,000 శాంపిళ్ల దగ్గర 1024 శాంపిళ్ల బఫర్ పెడితే లోపలికి వెళ్లడానికే 21 మిల్లీసెకన్లు పడుతుంది. మళ్లీ బయటికి రావడానికి అంతే. రానూపోనూ కలిపి 40 దాటుతుంది. అదే 128 పెడితే ఒక వైపుకు 3 మిల్లీసెకన్ల లోపే. శబ్దం గాలిలో మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, మొత్తం ఆలస్యం 10 మిల్లీసెకన్లయితే స్పీకర్ మీకు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. దానితో ఇబ్బంది లేకుండా పాడొచ్చు. అయితే బఫర్ మరీ తగ్గిస్తే ల్యాప్‌టాప్ అందుకోలేక పటపటమని చిటుకులు వస్తాయి. అందుకే రికార్డ్ చేసేటప్పుడు తక్కువ, మిక్స్ చేసేటప్పుడు, అంటే పట్టిన శబ్దాలన్నీ కలిపి సరిచూసేటప్పుడు, ఎక్కువ పెట్టుకుంటాం.

ఇక్కడే డ్రైవర్, అంటే ఇంటర్‌ఫేస్‌తో ల్యాప్‌టాప్ మాట్లాడేలా చేసే చిన్న ప్రోగ్రామ్, కీలకం. మ్యాక్‌లో అయితే ఆ పని చేసే కోర్ ఆడియో అనేది సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి ఇంత తలనొప్పి ఉండదు. విండోస్‌లో మాత్రం ఇంటర్‌ఫేస్ తయారుచేసిన కంపెనీ, ఆలస్యం తగ్గించే ఆసియో రకం డ్రైవర్ సొంతంగా ఇస్తోందా అన్నది కొనేముందే చూడాలి. ఆసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ తాత్కాలికంగా పనికొస్తుంది కానీ దాని మీద భరోసా పెట్టుకుని ఇంటర్‌ఫేస్ కొనొద్దు. నేను మొదట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న పెట్టె చూడటానికి దిట్టంగా, లోహపు నాబ్‌లతో బాగుండేది. తీరా చూస్తే దాని డ్రైవర్ పాత విండోస్ దగ్గరే ఆగిపోయింది. అందుకే ఇప్పుడు ఎవరడిగినా, కంపెనీ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్స్ పేజీ తెరిచి మీ విండోస్ వెర్షన్ పేరు అక్కడ ఉందో లేదో చూడమంటాను. రివ్యూలు ఆ తర్వాత.

రెండో ప్రశ్న, ఒకేసారి ఎన్ని శబ్దాలు పట్టాలి? మీరు పాడుతూ వాయిస్తారు కదా, అంటే రెండు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి ఇంటర్‌ఫేస్‌లో మైక్ ప్రీఆంప్ (మైక్ నుంచి వచ్చే బలహీన సిగ్నల్‌ను పెంచేది) ఒక్కటే ఉంటుంది, రెండోది గిటార్ కేబుల్ పెట్టుకునేది. మీ గిటార్‌కు పికప్ (తీగల కంపనాన్ని కేబుల్‌లోకి పంపే పరికరం) ఉంటే అది చాలు. పికప్ లేకపోతే గిటార్ ముందు కూడా మైక్ పెట్టాలి కాబట్టి స్కార్లెట్ 2ఐ2, మోటూ ఎం2 లాంటి రెండు ప్రీఆంపులవి కావాలి. నా సలహా రెండు ప్రీఆంపులదే. ఒక ఇన్‌పుట్ తక్కువై ఇంకోటి కొనుక్కోవడం చాలామంది విషయంలో చూశాను. సున్నితంగా పట్టే కండెన్సర్ రకం మైక్ అయితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైక్ కేబుల్ ద్వారానే ఇంటర్‌ఫేస్ ఇచ్చే కరెంటు, తప్పనిసరి. మామూలు డైనమిక్ మైక్‌కు అది అక్కర్లేదు. 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 శాంపిళ్లు) అని పెట్టె మీద రాసి ఉందని ఆశపడొద్దు. పాటకు 24 బిట్ (ఒక్కో శాంపిల్‌ను ఎంత సూక్ష్మంగా కొలుస్తుందో చెప్పేది), 48 కిలోహెర్ట్జ్ చక్కగా సరిపోతుంది.

ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటనో, నాబో ఉందా అని తప్పకుండా చూడండి. అది ఆన్ చేస్తే మీ గొంతు ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి రావాల్సిన పని లేకుండా ఇంటర్‌ఫేస్ నుంచే నేరుగా చెవికి వస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ (పాడుతున్నది తిరిగి వినిపించడం) ఆఫ్ చేయాలి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపించి సొరంగంలో పాడినట్టుంటుంది. హెడ్‌ఫోన్స్ చెవిని పూర్తిగా మూసేవి వాడండి, తెరుచుకుని ఉండేవైతే క్లిక్ శబ్దం మైక్‌లోకి కారుతుంది.

బుస్సుమనే శబ్దం చాలావరకు ల్యాప్‌టాప్‌లోని బలహీనమైన మైక్ ఆంప్ వల్ల. ఇంటర్‌ఫేస్ పెడితే తగ్గుతుంది. అయినా గెయిన్, అంటే మైక్ సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది, సరిగ్గా పెట్టాలి. పాటలో మీరు అన్నిటికన్నా గట్టిగా పాడే పల్లవిని నిజంగా అంత గట్టిగా పాడుతూ, సాఫ్ట్‌వేర్‌లో లెవెల్ చూపే మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా నాబ్ తిప్పండి. 24 బిట్‌లో కాస్త తక్కువ లెవెల్‌లో పట్టినా తర్వాత పెంచుకోవచ్చు. ఎర్ర లైటు వెలిగి పగిలిన గొంతును మాత్రం తిరిగి బాగుచేయడం దాదాపు కుదరదు. నేను ఒక పాటలో చాలా బాగా వచ్చిన టేక్‌ను అలాగే పోగొట్టుకున్నాను, ఆ తర్వాత ఎన్నిసార్లు పాడినా ఆ భావం రాలేదు.

ఇక సాఫ్ట్‌వేర్. మీకైతే రీపర్ చెబుతాను. 60 రోజులు అన్ని ఫీచర్లతో వాడి చూడొచ్చు, పాత ల్యాప్‌టాప్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. మొదటి వారం మెనూలు చూసి కంగారు వేస్తుంది, ఓపిక పట్టండి. చాలా ఇంటర్‌ఫేస్‌లతో పాటు ఏబుల్టన్ లైవ్ లైట్ లాంటిది ఉచితంగా వస్తుంది, ముందు అది తెరిచి చూసినా నష్టం లేదు. ఆడాసిటీ మాటల రికార్డింగ్‌కు బాగుంటుంది కానీ, రేపు మిడి కీబోర్డుతో (ఏ స్వరం నొక్కారో కంప్యూటర్‌కు చెప్పే కీబోర్డు) డ్రమ్స్ కలపాలనుకుంటే దానితో కుదరదు. మ్యాక్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితమే, అక్కడ మొదలుపెడితే చాలు.

మీ గిటార్‌కు పికప్ ఉందా, మీ దగ్గరున్నది కండెన్సర్ మైకా డైనమిక్ మైకా అన్నది రాయండి. దాన్ని బట్టి ఏ ఇన్‌పుట్‌లో ఏది పెట్టాలో, మైక్ ఎంత దూరంలో ఉంచాలో చెబుతాను. ఈలోగా పెన్నుతో మైక్ మీద ఒకసారి కొట్టి, ఆ రెండు ‘టక్’ల మధ్య ఖాళీ ఎంతుందో వినండి.